షికాగో పొలిమేరలో ఒక బడి

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో ఇల్లు కొన్నామని కబురు చేసినప్పుడు, అది తూర్పు ముఖమా ఉత్తర ముఖమా అని మనం అడిగేలోపే వాళ్ళు చెప్పే మాట ఒకటుంది. "ఇక్కడ స్కూలు చాలా మంచిదమ్మా" అంటారు. ఇల్లు ఇరుకైనా సరే, ధర ఎక్కువైనా సరే, ఆ బడి పరిధిలోనే కొనాలని పట్టుబడతారు. వినే తల్లిదండ్రులకు ఇది వింతగా తోస్తుంది. బడి మంచిదైతే పిల్లవాణ్ణి అక్కడికి పంపవచ్చు గదా, ఇల్లు కూడా అక్కడే కొనడం దేనికి?

ఈ సందేహం తీరాలంటే ఆ దేశంలో ఒక బడి కథ వినడమే సులువు. షికాగో నగరానికి ఉత్తరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున విన్నెట్కా అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో ఉన్న న్యూ ట్రయర్ హైస్కూలు అమెరికా మొత్తంమీద పేరెన్నికగన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒకటి. పేరు ఎంత గొప్పదో, దానిమీద నడిచిన వాదోపవాదాలూ అంత గొప్పవే.

ముందు ఒక మాట. మన దేశంలో పబ్లిక్ స్కూలు అనగానే పెద్ద ఫీజులూ, టైలూ, బూట్లూ గుర్తుకు వస్తాయి. అమెరికాలో ఆ మాటకు అర్థం తిరగబడుతుంది. అక్కడ పబ్లిక్ స్కూలంటే ప్రజల సొమ్ముతో నడిచే బడి. చదువుకు జీతం కట్టనక్కరలేదు. ఆ ప్రాంతంలో నివసించే ఏ పిల్లవాడు వచ్చినా చేర్చుకోవలసిందే. న్యూ ట్రయర్ అటువంటి బడి.

ఆ పేరు జర్మనీ నుంచి వచ్చింది. ట్రయర్ అనేది జర్మనీలో రోమనుల కాలంనాటి పురాతన నగరం. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతం నుంచి బయలుదేరిన రైతు కుటుంబాలు సరస్సు ఒడ్డున స్థిరపడ్డాయి. 1850లో అక్కడ స్థానిక పరిపాలన ఏర్పాటైనప్పుడు ఆ ప్రదేశానికి న్యూ ట్రయర్ అని పేరు పెట్టుకున్నారు. ఊరు విడిచి వచ్చినవాళ్ళు ఊరిపేరు విడిచిపెట్టలేదన్నమాట. తరతరాల క్రిందట వలస వచ్చి, నేటికీ ఇంటిపేరులో పాత ఊరిని మోస్తున్న మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రైలుమార్గం పడిన తరువాత ఆ పల్లెల రూపు మారింది. షికాగోలో వ్యాపారాలు చేసే ధనికులు నగరపు పొగకూ, రద్దీకీ దూరంగా ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. విన్నెట్కా, విల్మెట్, కెనిల్‌వర్త్, గ్లెన్కో అనే ఊళ్ళు పక్కపక్కనే పెరిగాయి. ఈ ఊళ్ళన్నిటికీ కలిపి 1901లో న్యూ ట్రయర్ హైస్కూలు తలుపులు తెరిచింది. అప్పుడు పదుల సంఖ్యలో ఉన్న విద్యార్థులు ఈనాడు నాలుగువేలకు అటూ ఇటూగా ఉన్నారు.

ఆ బడిని నడిపే తీరు మనకు కొత్త. అమెరికాలో ఇటువంటి బడికి అధికారం ఎక్కడో రాజధానిలో ఉండదు. కొన్ని ఊళ్ళు కలిసి ఒక స్కూలు డిస్ట్రిక్టుగా ఏర్పడతాయి. న్యూ ట్రయరుది 203వ నంబరు డిస్ట్రిక్టు. స్థానికులు ఓట్లు వేసి ఏడుగురు సభ్యులను ఎన్నుకుంటారు. వారికి జీతభత్యాలు లేవు. ఉపాధ్యాయుల నియామకం, ఖర్చు, కట్టడాలు మొదలైన విషయాల్లో ఆ మండలిదే నిర్ణయం. ఇక ధనం ముఖ్యంగా ఇంటిపన్ను నుంచి వస్తుంది. ఇల్లున్న ప్రతివాడూ ఆ ఇంటి విలువనుబట్టి బడికి పన్ను కడతాడు.

పెద్ద కట్టడానికి అప్పు తేవాలంటే మాత్రం మండలి నిర్ణయం చాలదు, ఊరినే అడగాలి. 2010లో విన్నెట్కాలోని పాత భవనాలను మార్చి కట్టడానికి భారీగా సొమ్ము కావాలని అడిగితే ఓటర్లు కుదరదన్నారు. ప్రణాళికను కుదించి 2014లో మళ్ళీ అడిగారు. ఈసారి రమారమి 8 కోట్ల 90 లక్షల డాలర్లకు ఒప్పుకున్నారు. 2017 నాటికి కొత్త కట్టడం లేచింది. తమ సొమ్ము ఎక్కడికి పోతున్నదో కళ్ళారా చూసుకునే ప్రజలు బడిని తమ సొంత ఆస్తిగా భావించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక చదువు సంగతి. న్యూ ట్రయరుకు పిల్లలు వచ్చేనాటికే గట్టి పునాదితో వస్తారు. 1919 నుంచి 1943 వరకు విన్నెట్కా ప్రాథమిక పాఠశాలలకు అధిపతిగా ఉన్న కార్ల్‌టన్ వాష్‌బర్న్ అనే విద్యావేత్త అక్కడ ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. తరగతి అంతటినీ ఒకే తాటిమీద తోలకుండా, లెక్కలూ చదవడమూ వంటివాటిలో ఒక్కొక్క పిల్లవాడు తన వేగాన తాను ముందుకు సాగేట్టు పాఠాలు తయారుచేశారు. ఒక మెట్టు పూర్తిగా వచ్చిన తరువాతనే రెండో మెట్టు. ఇది విన్నెట్కా పద్ధతి పేరున దేశదేశాలా తెలిసింది. ఆ వాతావరణంలోనే హైస్కూలూ పెరిగింది.

హైస్కూలులో అమలైన ఏర్పాట్లలో అన్నిటికన్న మెచ్చదగినది సలహాదారు పద్ధతి. ఇది సుమారు నూరేళ్ళ క్రిందట, 1920ల్లో మొదలైంది. వేలమంది చదివే బడిలో ఒక్కొక్క పిల్లవాడి మంచిచెడ్డలు ఎవరు కనిపెట్టాలి? అందుకని పిల్లలను చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క ఉపాధ్యాయునికి అప్పగించారు. ప్రతిరోజూ బడి మొదట్లో ఆ జట్టు తన సలహాదారు గదిలో చేరుతుంది. అక్కడ పాఠం ఉండదు. ఎవరికి ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది, ఎవరు నాలుగు రోజులుగా ముభావంగా ఉన్నారు, ఎవరి ఇంట్లో జబ్బు, పైచదువుకు ఏ దారి మంచిది అనేవి అక్కడ మాట్లాడుకుంటారు. తల్లిదండ్రులకు అనుమానం వస్తే ఎవరిని అడగాలో తెలుసు. ఒక మనిషి ఒక పిల్లవాణ్ణి ఏళ్ళ తరబడి గమనిస్తూ ఉండడమే ఈ పద్ధతిలోని బలమంతా.

చదువుతోబాటు సంగీతం, నాటకం, చిత్రలేఖనం, ఈత, పడవ నడపడం వరకు అన్నిటికీ తావుంది. బడికి సొంత రేడియో స్టేషను కూడా ఉంది. ఇక్కడ చదివినవారిలో చార్ల్‌టన్ హెస్టన్, రాక్ హడ్సన్, ఆన్ మార్గరెట్ వంటి సినిమా తారలున్నారు. న్యాయవాద వృత్తిని కథలుగా మలిచిన నవలాకారుడు స్కాట్ టూరో, అమెరికాకు రెండుసార్లు రక్షణమంత్రిగా పనిచేసిన డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఇక్కడివారే. ఏటా బయటికి వచ్చే విద్యార్థుల్లో దాదాపు అందరూ కళాశాలల్లో చేరతారు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ ఊళ్ళలో కుటుంబాలు పెరిగి బడి కిక్కిరిసిపోయింది. 1965లో పక్కనున్న నార్త్‌ఫీల్డులో న్యూ ట్రయర్ వెస్ట్ పేరున రెండో బడి తెరిచారు. తీరా పదిహేనేళ్ళు గడిచేసరికి పిల్లల సంఖ్య పడిపోయింది. 1981లో రెండూ ఒకటై, 1985లో నార్త్‌ఫీల్డు ఆవరణ మూతపడింది. మళ్ళీ సంఖ్య పెరగడంతో 2001లో దానిని మొదటి సంవత్సరపు విద్యార్థుల కోసం తెరిచారు.

ఇంతమంది పూర్వవిద్యార్థుల్లో ఒకరి కథ విడిగా చెప్పాలి.

1921లో జర్మనీలోని బాట్ కిస్సింగెన్ అనే ఊళ్ళో ఒక యూదు కుటుంబంలో జాక్ స్టైన్‌బెర్గర్ పుట్టాడు. తండ్రి అక్కడి చిన్న యూదు సమాజానికి ప్రార్థనలు నడిపే గురువు. తల్లి ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాలు చెప్పి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేది. 1933లో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. యూదు పిల్లలకు పైచదువుల దారులు మూసుకుపోసాగాయి. ఆ సమయంలో అమెరికాలోని యూదు ధర్మసంస్థలు, జర్మనీ నుంచి మూడు వందల మంది పిల్లలకు తమ దేశంలో ఇళ్ళు చూపిస్తామని ముందుకు వచ్చాయి. తల్లిదండ్రులు గుండె రాయి చేసుకుని జాక్‌నూ, అతని అన్ననూ ఓడ ఎక్కించారు. 1934 క్రిస్‌మస్ నాటికి, పదమూడేళ్ళ వయసులో, జాక్ న్యూయార్కు రేవులో దిగాడు.

షికాగోలో ధాన్యవ్యాపారపు దలాలీ సంస్థ నడిపే బార్నెట్ ఫారోల్ అనే పెద్దమనిషి అతణ్ణి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ ఇంటి నీడన ఉండి జాక్ న్యూ ట్రయర్ హైస్కూలులో చదువుకున్నాడు. అంతటితో ఆగక ఫారోల్ 1938లో ఆ పిల్లవాడి తల్లిదండ్రులనూ, తమ్ముణ్ణీ కూడా అమెరికాకు రప్పించాడు. తరువాతి ఏళ్ళలో యూరపులో జరిగిన మారణహోమం తలచుకుంటే, ఆ కుటుంబం దేని నుంచి తప్పించుకున్నదో తెలుస్తుంది.

తల్లిదండ్రులు చిన్న తినుబండారాల కొట్టు పెట్టుకున్నారు. జాక్ కళాశాలలో రెండేళ్ళు చదివేసరికి ఉపకారవేతనం ఆగిపోయింది. పగలు మందుల కంపెనీ ప్రయోగశాలలో గాజు పాత్రలు కడిగి, సాయంత్రాలు షికాగో విశ్వవిద్యాలయంలో చదువు సాగించాడు. ఆ తరువాత అక్కడే మహాశాస్త్రవేత్త ఫెర్మీ దగ్గర భౌతికశాస్త్రం అభ్యసించాడు. న్యూట్రినో అనే అతిసూక్ష్మ కణాల్లో రెండు రకాలున్నాయని 1962లో మరి ఇద్దరు శాస్త్రవేత్తలు, లెడర్‌మన్, ష్వార్ట్స్‌లతో కలిసి రుజువు చేశాడు. అందుకు 1988లో ఆ ముగ్గురికీ నోబెల్ బహుమానం లభించింది. ఆయన 2020లో, 99వ ఏట కన్నుమూశారు.

నోబెల్ పతకం పొందినవారు దానిని ఇంట్లో భద్రపరచుకోవచ్చు, విశ్వవిద్యాలయానికి ఇవ్వవచ్చు. స్టైన్‌బెర్గర్ గారు తన పతకాన్ని న్యూ ట్రయర్ హైస్కూలుకు ఇచ్చారు. పెద్ద పెద్ద విద్యాలయాల్లో పనిచేసిన మనిషి, పదమూడేళ్ళ శరణార్థిగా తాను అడుగుపెట్టిన బడిని తలచుకున్నాడు. ఆ బడికి ఇంతకన్న పెద్ద ప్రశంసాపత్రం మరొకటి ఉండదు.

అయితే ఈ కథలో ఒక చిక్కు ఉంది. ఆ పిల్లవాడికి బడిలో చోటు దొరకడానికి తెలివితేటలు కారణం కాదు. ఆ బడిలో ప్రవేశపరీక్ష లేదు. ఫీజు లేదు. కావలసింది ఒకటే, ఆ పరిధిలో ఒక ఇల్లు. ఆ ఇల్లు జాక్‌కు ఒక పుణ్యాత్ముడు ఇచ్చాడు. ఇవ్వనివాళ్ళ సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న అమెరికాలో చాలాకాలంగా నలుగుతున్నది. నగరాల పొలిమేరల్లోని సంపన్నమైన ఊళ్ళల్లో చాలాచోట్ల ఒకప్పుడు ఇంటి దస్తావేజుల్లోనే, నల్లజాతివారికి అమ్మకూడదనీ, కొన్నిచోట్ల యూదులకు అమ్మకూడదనీ షరతులు వ్రాసుకునేవారు. అటువంటి జాతి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పినా, వాడుకలో అడ్డుగోడలు అట్లాగే నిలిచాయి. 1965 జూలై 25వ తేదీన మార్టిన్ లూథర్ కింగ్ విన్నెట్కాకు వచ్చి, ఊరి పచ్చికబయలులో వేలాదిమంది ఎదుట నిలబడి, ఇళ్ళ అమ్మకంలో జాతిభేదం తగదని ప్రసంగించారు. వినవచ్చినవారిలో చాలామంది ఆ ఊళ్ళవారే. మూడేళ్ళకు, 1968లో, దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది.

దస్తావేజులోని షరతు పోయింది గాని ఇంటి ధర పోలేదు. ఇళ్ళు ఖరీదైనచోట పన్ను ఎక్కువగా వస్తుంది, పన్ను ఎక్కువైతే బడి బాగుపడుతుంది, బడి బాగుపడితే ఇళ్ళ ధర మళ్ళీ పెరుగుతుంది. హార్వర్డు విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉండిన జేమ్స్ కోనంట్ 1961లోనే ఒక పుస్తకంలో దీనిని గురించి హెచ్చరించాడు. సంపన్నమైన ఉపనగరపు బడిలో ఒక్కొక్క విద్యార్థిమీద ఏటా వెయ్యి డాలర్ల దాకా ఖర్చు చేస్తుంటే, మహానగరపు బడిలో అందులో సగమైనా లేదని లెక్క చూపించాడు. 1973లో ఇటువంటి వ్యాజ్యమే టెక్సస్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంటిపన్నుమీద బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధం కాదని తొమ్మండుగురిలో ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు.

1991లో జోనథన్ కోజోల్ అనే రచయిత వ్రాసిన పుస్తకంతో న్యూ ట్రయర్ పేరు నేరుగా ఈ వివాదంలోకి వచ్చింది. షికాగో దక్షిణ భాగంలోని పేద నల్లజాతి పిల్లల బడిని, ఈ సరస్సు ఒడ్డు బడిని ఆయన పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. 1989లో షికాగో నగరం హైస్కూలు విద్యార్థికి సుమారు 5,500 డాలర్లు ఖర్చు చేస్తుంటే, ఉత్తరాన ఉన్న సంపన్న ఉపనగరాలు 8,500 నుంచి 9,000 దాకా ఖర్చు చేస్తున్నాయని ఆయన లెక్క.

పదిహేడేళ్ళు గడిచాయి. 2008 సెప్టెంబరులో బడులు తెరిచే రోజున, షికాగో మతబోధకుడూ శాసనసభ్యుడూ అయిన జేమ్స్ మీక్స్ నాయకత్వాన వెయ్యిమందికి పైగా నగర విద్యార్థులు తమ బడులకు వెళ్ళకుండా బస్సులెక్కి న్యూ ట్రయరుకు వచ్చారు. మమ్మల్ని ఇక్కడ చేర్చుకోండని దరఖాస్తులు నింపి ఇచ్చారు. చేరడం కుదరదని వాళ్ళకూ తెలుసు. వాళ్ళ ఇళ్ళు ఆ పరిధిలో లేవు. అయినా వచ్చారు. బడివారు మర్యాదగానే దరఖాస్తులు తీసుకున్నారు. ఆ రోజుల్లో షికాగో బడుల్లో విద్యార్థికి అయ్యే ఖర్చు సుమారు 10,400 డాలర్లు, ఇక్కడ సుమారు 17,000. పిల్లలు వెనక్కి వెళ్ళిపోయారు. ప్రశ్న మాత్రం శాసనసభను వదలలేదు. 2017లో ఇలినాయ్ రాష్ట్రం కొత్త చట్టం చేసింది. రాష్ట్రం అదనంగా ఇచ్చే సొమ్ము, అవసరానికి అన్నిటికన్న దూరంగా ఉన్న బడులకు ముందు చేరాలన్నది దాని సారాంశం. వ్యత్యాసం పూర్తిగా పోలేదు గాని, తప్పు ఎక్కడుందో చట్టం ఒప్పుకున్నట్టయింది.

ఇందులో న్యూ ట్రయర్ ఉపాధ్యాయులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. తమ పిల్లల కోసం పన్ను కట్టుకునే తల్లిదండ్రులను నిందించడమూ న్యాయం కాదు. బడి నిజంగా మంచిది. అంత మంచిది కాబట్టే దాని వాకిట నిలబడి వెనుదిరిగిన పిల్లలను చూస్తే మనసు కలుక్కుమంటుంది.

మన పెద్దల కాలంలో ఈ చిక్కు మరో రూపంలో ఉండేది. హైస్కూలు పట్నంలో, పిల్లవాడు పల్లెలో. పట్నంలో ఇల్లు లేదు, అద్దెకు స్తోమతు లేదు. అప్పుడు మనవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం వారాలు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోంచేసి, ఎవరి అరుగుమీదనో పడుకుని చదువుకున్నవారు ఎందరో తరువాత వకీళ్ళూ, పంతుళ్ళూ, డాక్టర్లూ అయ్యారు. అన్నం పెట్టిన ఇల్లాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి కథ మనలో చాలామంది ఎరిగినదే. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఆ కుర్రవాడిలోని చురుకుదనం కనిపెట్టిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు, తాను రాజమండ్రి వెళ్తూ అతణ్ణి వెంటబెట్టుకు వెళ్ళి చదివించారు. ఆ కుర్రవాడే చెన్నపట్నంలో పేరుమోసిన బారిష్టరై, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి, 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఒంగోలులోని నాయుడుగారు, షికాగోలోని ఫారోల్‌గారు ఒకరి పేరు ఒకరు వినలేదు. చేసినది మాత్రం ఒకే పని.

వారాల కాలం వెళ్ళిపోయింది. దయ ఒక్కదాని మీదనే చదువును నిలబెట్టకూడదు, అందరికీ అందించడం ప్రభుత్వం పని అన్నది నిజమే. కాని చట్టం వచ్చేదాకా పిల్లవాడి వయసు ఆగదు. మన సంఘం నగరంలో ఉంది. పల్లెల నుంచి చదువుకు వచ్చే పిల్లలు ఏటా మన వీధుల్లోనే గది కోసం తిరుగుతుంటారు. మనలో ఖాళీగా ఉన్న మేడగదులు లేకపోలేదు. విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయులూ ఉన్నారు. న్యూ ట్రయరుకున్న ఈతకొలనూ, రేడియో స్టేషనూ మనం కట్టలేం. ఆ సలహాదారు గది మాత్రం కట్టగలం. దానికి కావలసినది పదిమంది పిల్లలూ, వారానికి ఒక సాయంత్రం వాళ్ళ మాట వినే ఒక పెద్ద మనిషీ. ఈ వేసవిలో బడులు తెరిచేలోపు ఇటువంటి ఏర్పాటు ఒకటైనా మన సంఘంలో మొదలైతే బాగుంటుంది. ఎవరి ఇంట్లో ఏ స్టైన్‌బెర్గర్ అన్నం తింటాడో ముందుగా ఎవరికీ తెలియదు. తెలియకుండానే పెట్టడం మన ఇళ్ళకు కొత్త కాదు.